వేరు ఎరిగిన కరువు

పాఠ్యభాగ పరిచయం

కరువు వచ్చినప్పుడు పశువు మేతను వెదుక్కుంటూ పోతుంది. మనిషి ఊరు విడిచి వలస వెళ్తాడు. చెట్టుకు అటువంటి అవకాశం లేదు. మొలచిన చోటనే నిలిచి కరువును ఎదుర్కోవాలి. ఆ ప్రయత్నంలో వేరు వహించే పాత్రను, అందుకు ఆధారమైన అణువుల పనితీరును, దాని నుంచి మనం గ్రహించవలసిన విషయాలను ఈ పాఠం తెలియజేస్తుంది.

పాఠ్యభాగం

మన భాషలో వేరుకు మంచి స్థానమే ఉన్నది. ఒక ఆచారం సమాజంలో స్థిరపడితే వేళ్ళూనుకొన్నదని అంటాం. ఒక దురాచారాన్ని పూర్తిగా నిర్మూలిస్తే కూకటివేళ్ళతో పెకలించామని అంటాం. ఈ పలుకుబడులలో వేరు అంటే పట్టు. చెట్టును కదలకుండా నిలిపి ఉంచే బలం. కాని వేరు చేసే పని అంతటితో ముగియదు. అది తన చుట్టూ ఉన్న మట్టిలో చెమ్మ ఎంత ఉన్నదో, ఎటువైపు ఉన్నదో గుర్తిస్తుంది. గుర్తించిన దానిని బట్టి తన ఎదుగుదలను మార్చుకొంటుంది. ఆ సమాచారాన్ని ఎంతో ఎత్తున ఉన్న ఆకులకు కూడా అందజేస్తుంది. కన్నులు గాని, నరాలు గాని, మెదడు గాని లేని ఒక అవయవం ఇన్ని పనులు ఎట్లా చేయగలుగుతున్నది? ఈ ప్రశ్నకు సమాధానం కొన్ని అణువుల కదలికలో ఉన్నది.

నడివేసవిలో ఒక తోటను చూడండి. వానలు కురిసి నెలలు గడిచాయి. నేల పైపొర ఎండి బీటలు వారింది. అయినా చెట్ల ఆకులు ఇంకా పచ్చగానే కనిపిస్తాయి. వాటిని చూసి చెట్టుకు ఇంకా కష్టం రాలేదని అనుకొంటాం. నిజానికి అప్పటికే చెట్టులో ఎన్నో మార్పులు జరిగి ఉంటాయి. కొత్త చిగుళ్ళు తగ్గిపోయి ఉంటాయి. మధ్యాహ్నవేళ ఆకులు తమ రంధ్రాలను ముందుగానే మూసుకొంటూ ఉంటాయి. ఆకు వాడడం కరువుకు ఆరంభం కాదు. చెట్టు చేసిన ఏర్పాట్లు చాలనప్పుడు బయటికి కనిపించే లక్షణం మాత్రమే.

ఈ ఏర్పాట్లు ఎందుకు అవసరమో తెలియాలంటే చెట్టు నీటిని ఎట్లా ఖర్చు చేస్తుందో తెలుసుకోవాలి. వేర్లు పీల్చుకొన్న నీటిలో నూటికి తొంభై అయిదు పాళ్ళకు పైగా ఆకుల నుంచి ఆవిరిగా గాలిలో కలిసిపోతుంది. దీనినే బాష్పోత్సేకం అంటారు. ఇది దుబారాగా తోచవచ్చు. కాని ఆకుల మీది సూక్ష్మమైన పత్రరంధ్రాలు తెరుచుకొంటేనే బొగ్గుపులుసు వాయువు లోపలికి వస్తుంది. అది వస్తేనే ఆహారం తయారవుతుంది. అదే ద్వారం గుండా నీరు బయటికి పోతుంది. రంధ్రాలు తెరిస్తే దాహం, మూస్తే ఆకలి. చెట్టు జీవితమంతా ఈ రెండింటి నడుమ సాగే సమన్వయమే. నేల ఎండుతున్న కొద్దీ ఆ సమన్వయం కష్టమవుతుంది. నేలలో ఎంత నీరు మిగిలి ఉన్నదో ఆకుకు నేరుగా తెలియదు. అది తెలిసినది వేరుకే.

వేరు కొనను తొడుగు వంటి కణాల పొర కాపాడుతూ ఉంటుంది. దానినే వేరుతొడుగు అంటారు. దాని వెనుక కణాలు నిరంతరం విభజన చెందే భాగం, ఆ వెనుక కణాలు పొడవు సాగే భాగం, ఆపైన సన్నని మూలకేశాలు గల భాగం వరుసగా ఉంటాయి. మట్టిరేణువుల నడుమ ఉన్న నీటిని మూలకేశాలు గ్రహిస్తాయి. ఆ నీరు వేరు మధ్యలో ఉన్న దారునాళాలకు చేరి, అక్కడి నుంచి కొమ్మలకు, ఆకులకు ఎక్కుతుంది. కొనను సూక్ష్మంగా పరిశీలించిన చార్లెస్ డార్విన్, తన కుమారుడు ఫ్రాన్సిస్ సహాయంతో రచించి 1880లో ప్రచురించిన గ్రంథంలో, వేరుకొనను చిన్న ప్రాణుల మెదడుతో పోల్చాడు. వేరులో మెదడు లేకపోయినా, ఆ కొన మట్టి పరిస్థితులను పసిగట్టి ఎదుగుదలను నడిపిస్తుందన్న ఆయన అభిప్రాయం తరువాతి పరిశోధనలకు దారి చూపింది.

మట్టి నుంచి దారునాళాలకు చేరేలోగా నీరు అనేక కణాలను దాటాలి. కొంత నీరు కణకవచాల గుండా ఇంకుతూ సాగుతుంది. కొంత నీరు కణాల లోపలి నుంచే పోతుంది. ఈ రెండవ మార్గంలో కణత్వచాన్ని దాటడానికి ప్రత్యేకమైన ద్వారాలు ఉన్నాయి. ఆక్వాపోరిన్లు అనే మాంసకృత్తులే ఆ ద్వారాలు. అమెరికా శాస్త్రవేత్త పీటర్ ఆగ్రి 1992లో మొదట వీటిని మనిషి ఎర్ర రక్తకణాలలో గుర్తించాడు. ఇందుకు ఆయనకు 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మొక్కలలోనూ ఇటువంటివే ఉన్నాయని ఆ తరువాత తెలిసింది. ఒక్కొక్క ద్వారం గుండా సెకనుకు వంద కోట్ల మేరకు నీటి అణువులు ఒకదాని వెంట ఒకటి బారులు తీరి సాగిపోగలవు. ఈ ద్వారాలకు తలుపులు కూడా ఉన్నాయి. పాలకూర మొక్కలోని ఆక్వాపోరిన్‌పై జరిగిన పరిశోధనలో, ఆ మాంసకృత్తుకు అంటుకొని ఉన్న ఫాస్ఫేటు భాగాలు తొలగిపోతే దానిలోని ఒక మడత కదలి దారిని మూసివేస్తుందని తేలింది. నేల తడిగా ఉన్నప్పుడు నీటిని లోపలికి తెచ్చే వేరు, నేల బాగా ఎండినప్పుడు తనలోని నీరు తిరిగి మట్టిలోకి పోకుండా కాపాడుకోవాలి. అందుకే ద్వారంతో పాటు తలుపు కూడా అవసరమైంది.

వేరుకు తెలిసిన సంగతి ఆకుకు ఎట్లా తెలుస్తుంది? నీరు తగ్గితే ఆకు ఎండుతుంది, ఎండితే దానికే తెలుస్తుందని చాలాకాలం భావించారు. ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం డేవిస్, ఆయన సహచరులు ఆపిల్ మొక్కలపై చేసి 1990లో ప్రకటించిన ఒక ప్రయోగం ఈ భావనను మార్చింది. వారు ఒక్కొక్క మొక్క వేర్లను రెండు పాయలుగా చేసి, రెండు కుండీలలో పెంచారు. ఒక కుండీకి నీరు పోశారు. రెండవ దానిని ఎండనిచ్చారు. తడి కుండీలోని వేర్లు కావలసిన నీటిని అందిస్తూనే ఉన్నాయి. కనుక ఆకులలో నీటికొరత లేదు. అయినప్పటికీ ఆకుల ఎదుగుదల మందగించింది. అప్పుడు వారు ఎండిన కుండీలోని వేర్లను కోసివేశారు. ఆశ్చర్యకరంగా ఆకులు మళ్ళీ ఎదగసాగాయి. మొక్కకు ఉన్న వేర్లలో కొన్నింటిని తొలగిస్తే దాని పరిస్థితి దిగజారాలి గాని మెరుగుపడకూడదు. దీనికి ఒక్కటే వివరణ. ఎండిన వేర్లు ఆకులకు ఏదో వర్తమానం పంపుతున్నాయి. ఆ వేర్లు పోగానే వర్తమానం ఆగిపోయింది.

ఆ వర్తమానాన్ని మోసేది అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను అని శాస్త్రవేత్తలు మొదట భావించారు. 1960వ దశకంలో పత్తికాయలు రాలిపోవడానికి, చెట్ల మొగ్గలు నిద్రావస్థలో ఉండడానికి కారణాలను వెదుకుతున్న వేర్వేరు బృందాలకు దొరికిన పదార్థం ఇది. క్యారెట్టుకు రంగునిచ్చే కెరోటినాయిడ్ల కుటుంబం నుంచే మొక్క దీనిని తయారు చేసుకొంటుంది. నేల ఎండినప్పుడు మొక్కలో దీని పరిమాణం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఈ హార్మోను పనిచేసే తీరు 2009లో స్పష్టమైంది. దానిని గ్రహించే మాంసకృత్తులను ఆ సంవత్సరం అమెరికాలోను, జర్మనీలోను రెండు బృందాలు విడివిడిగా కనుగొన్నాయి. కథ ఇట్లా సాగుతుంది. కణంలో పనులు జరిపించే ఒక ఎంజైము ఉన్నది. మామూలు రోజులలో మరొక ఎంజైము దానికి కాపలాగా ఉండి, దానిని పనిచేయనివ్వదు. నీటికొరత ఏర్పడగానే అబ్సిసిక్ ఆమ్లం గ్రాహక మాంసకృత్తులోని చిన్న గుంటలో ఇమిడిపోతుంది. ఆ గ్రాహకం ఆకారం మారి, వెళ్ళి కాపలా ఎంజైమును పట్టుకొంటుంది. కాపలా తొలగడంతో మొదటి ఎంజైము మేల్కొంటుంది. ఆకులలోని రక్షక కణాలలో అది లవణ అయాన్లు బయటికి పోయే మార్గాలను తెరుస్తుంది. అయాన్ల వెంట నీరు కూడా పోతుంది. రక్షక కణాలు సడలి, వాటి నడుమ ఉన్న రంధ్రం మూసుకొంటుంది. అదే ఎంజైము కణకేంద్రకంలోని మాంసకృత్తులను ప్రేరేపించి, కరువుకాలంలో అవసరమైన జన్యువులను పనిలోకి దించుతుంది.

అయితే శాస్త్రంలో ఒక సమాధానం దొరకగానే ప్రశ్న ముగిసిపోదు. అబ్సిసిక్ ఆమ్లాన్ని తగినంతగా తయారు చేసుకోలేని టమాటా రకాల వేరుమొక్కపై మామూలు టమాటా కొమ్మను అంటుకట్టి, నేలను ఎండనిచ్చి చూశారు. 2002లో ప్రకటించిన ఆ ఫలితం ప్రకారం, వేరులో ఆ హార్మోను తయారు కాకపోయినా ఆకుల రంధ్రాలు మూసుకొన్నాయి. అంటే వేరు నుంచి పైకి వెళ్ళే వర్తమానం వేరొకటి కూడా ఉండాలి. 2018లో జపాను శాస్త్రవేత్తలు అరబిడాప్సిస్ అనే ఆవజాతి చిన్నమొక్కలో అటువంటి దానిని ఒకదానిని కనుగొన్నారు. అది కేవలం పన్నెండు అమైనో ఆమ్లాల గొలుసు. ఎండిన వేరులో పుట్టి, నాళాల గుండా ఆకుకు చేరి, అక్కడి గ్రాహకాలకు తగులుకొంటుంది. అప్పుడు ఆకే అబ్సిసిక్ ఆమ్లాన్ని తయారు చేసుకొంటుంది. వేరు పంపినది హార్మోను కాదు, దానిని తయారు చేయమనే కబురు. నీటి ఒత్తిడిలో వచ్చే మార్పు కూడా ఇంకొక కబురుగా పనిచేస్తుందని పరిశోధకులు గుర్తించారు.

ఆకుకు కబురు పంపి వేరు ఊరకుండదు. నేల ఎండుతున్నప్పుడు ఆకులు, కొమ్మలు ఎదగడం మానివేసినా వేర్లు కొంతకాలం లోతుకు సాగుతూనే ఉంటాయి. మొక్కజొన్న వేర్లపై 1980వ దశకం నుంచి అమెరికాలో జరిగిన పరిశోధనలు దీనికి కారణాలను వెల్లడించాయి. కొనకు సమీపంలోని కణాలు ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాన్ని, చక్కెరలను కూడబెట్టుకొంటాయి. లోపలి ద్రవం చిక్కబడడం వలన ఎండుతున్న మట్టి నుంచి కూడా ఆ కణాలు నీటిని లాగుకోగలుగుతాయి. మరోవైపు ఎక్స్‌పాన్సిన్లు అనే మాంసకృత్తులు కొనభాగంలో కణకవచాలను సడలించి, తక్కువ ఒత్తిడితోనే సాగేటట్లు చేస్తాయి. ఆకులలో ఎదుగుదలను అణచిన అబ్సిసిక్ ఆమ్లమే ఇక్కడ వేరుకొన ఎదుగుదలకు అండగా నిలుస్తుంది. కుటుంబంలో ఇబ్బంది వచ్చినప్పుడు ఇతర ఖర్చులు తగ్గించి బావి తవ్వకానికి డబ్బు మిగుల్చుకొన్నట్లుగా ఉంటుంది ఈ పద్ధతి.

ఏ దిక్కుకు సాగాలి, ఎక్కడ కొత్త శాఖ వేయాలి అన్నవి కూడా వేరు ముందున్న ప్రశ్నలే. చెమ్మ ఉన్న వైపునకు వేరు వంగడాన్ని జలానువర్తనం అంటారు. ఇందుకు అవసరమైన ఒక జన్యువును జపాను శాస్త్రవేత్తలు 2007లో అరబిడాప్సిస్‌లో గుర్తించారు. వేరు సాగుతూ మట్టిలోని ఖాళీ సందులోకి ప్రవేశిస్తే ఏమవుతుందో 2022లో బ్రిటన్ శాస్త్రవేత్తల నాయకత్వంలో జరిగిన పరిశోధన వివరించింది. అక్కడ బయటి నుంచి నీరు రాదు కనుక వేరు లోపలి నాళాల నుంచి నీరు బయటి పొరలవైపు కదులుతుంది. దానితోపాటు అబ్సిసిక్ ఆమ్లం కూడా వచ్చి, కణానికి కణానికి నడుమ ఉన్న సన్నని దారులను మూసివేస్తుంది. కొత్త శాఖను పుట్టించే ఆక్సిన్ అనే హార్మోను లోపలికి చేరలేక ఆగిపోతుంది. కనుక ఆ చోట పార్శ్వపు వేరు పుట్టదు. కొన మళ్ళీ తడిమట్టిని తాకగానే దారులు తెరుచుకొంటాయి; శాఖలు వేయడం మొదలవుతుంది. నీరు లేని చోట పెట్టుబడి పెట్టకపోవడమే ఇందులోని నీతి. ఇక ముదిరిన వేరుభాగాలలో సూబరిన్ అనే మైనం వంటి పదార్థం మరింతగా పేరుకొని, నీరు వెనుకకు కారిపోకుండా అడ్డుకట్ట వేస్తుంది.

ఈ వివరాలలో చాలా భాగం చిన్నమొక్కలలో తెలుసుకొన్నవి. కొన్ని వారాలలో జీవితం ముగించే మొక్కకు, వందేళ్ళు బ్రతికే చెట్టుకు అవసరాలు ఒకటి కావు. చెట్టు ఒక కరువును గాక అనేక కరువులను దాటాలి. 2006లో పాప్లర్ చెట్టు జన్యుపటం పూర్తి అయింది. అట్లా జన్యుపటం వెలువడిన మొదటి చెట్టు అదే. అబ్సిసిక్ ఆమ్లాన్ని గ్రహించే మాంసకృత్తులు, ఆక్వాపోరిన్లు మొదలైనవన్నీ చెట్లలోనూ ఉన్నాయని దీనివలన రూఢి అయింది. చైనా పశ్చిమ ప్రాంతంలోని తక్లమకాన్ ఎడారి అంచులలో పెరిగే ఎడారి పాప్లర్ జన్యుపటం 2013లో వెలువడింది. ఈ చెట్టు వానను నమ్ముకొన్నది కాదు. లోతైన వేర్లతో భూగర్భజలాన్ని అందుకొని బ్రతుకుతుంది.

అటువంటి చెట్టుకు కూడా ఒక హద్దు ఉన్నదని తారిమ్ నది చరిత్ర చెబుతుంది. ఈ ఎడారి పాప్లర్ వనాలకు ఆ నదే ఆధారం. ఎగువన సేద్యానికి నీటిని మళ్ళించడం, 1972లో జలాశయం నిర్మించడం వలన నది దిగువభాగం మూడు వందల కిలోమీటర్లకు పైగా ఎండిపోయింది. భూగర్భజలం ఏటేటా లోతుకు దిగిపోయింది. వేర్లు దానిని వెంబడించలేకపోయాయి. వనాలు విస్తారంగా ఎండిపోయాయి. 2000 సంవత్సరం నుంచి చైనా ప్రభుత్వం ఆ దిగువభాగానికి మళ్ళీ నీటిని విడుదల చేయసాగింది. భూగర్భజలం పైకి వచ్చింది. నదికి సమీపంలో మిగిలి ఉన్న చెట్లు తిరిగి చిగురించాయి. అణువుల స్థాయిలో ఎంత నేర్పు ఉన్నా, నీటిమట్టం వేరు సాగే వేగాన్ని మించి పడిపోతే చెట్టు ఏమీ చేయలేదు.

ఈ మాట మనకు దూరమైనది కాదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురుస్తుంది. అక్కడి రైతులు బోరుబావులను ఏటికేడు మరింత లోతుకు తవ్వించిన అనుభవం తెలిసినదే. మనం సర్కారు తుమ్మ అని పిలిచే చెట్టుకు దగ్గరి బంధువైన ఒక చెట్టు వేర్లు అమెరికాలోని అరిజోనాలో ఒక గని తవ్వకంలో 53 మీటర్ల లోతున కనిపించాయి. దసరాకు మనం పూజించే జమ్మి కూడా లోతుగా వేరూని ఎండలకు ఓర్చే చెట్టే. కాని అన్ని చెట్లకూ ఆ శక్తి లేదు. ఉన్నవాటికి కూడా ఆ లోతును చేరడానికి కాలం కావాలి.

కనుక మొక్క నాటేవారు వేరు స్వభావాన్ని తెలుసుకోవాలి. పాలిథిన్ సంచిలో ఎక్కువకాలం ఉన్న మొక్క వేర్లు గుండ్రంగా చుట్టుకొనిపోతాయి. వాటిని సరిచేయకుండా నాటితే అవి నేలలోనూ అట్లాగే చుట్టుకొని, లోతుకు దిగవు. ప్రతిదినం కొద్దికొద్దిగా నీరు పోస్తే చెమ్మ పైపొరలోనే ఉంటుంది. వేర్లు కూడా అక్కడే ఉండిపోతాయి. నీరందని మొదటి వేసవిలోనే ఆ మొక్క ఎండుతుంది. తక్కువసార్లు, లోతుగా తడిసేటట్లు పోయడం మేలు. మొక్క పక్కన మట్టికుండను పాతి నీరు నింపితే, ఆ నీరు కుండ గోడల గుండా మెల్లగా ఇంకుతూ వేర్లను లోతుకు రప్పిస్తుంది. వేరు కబురును సేద్యానికి వాడుకొన్నవారు కూడా ఉన్నారు. 1990వ దశకంలో ఆస్ట్రేలియా ద్రాక్షతోటలలో పాదుకు ఒకసారి ఒకవైపు, మరొకసారి రెండవవైపు మాత్రమే నీరు పెట్టే పద్ధతిని రూపొందించారు. ఎండిన వైపు వేర్లు ఆకులను జాగ్రత్తపరుస్తాయి. తడిసిన వైపు వేర్లు దాహం తీరుస్తాయి. దిగుబడి పెద్దగా తగ్గకుండానే చాలా నీరు ఆదా అయింది. ఆపిల్ మొక్కల రెండు కుండీలలో కనిపించిన సత్యమే ఇక్కడ తోటలోకి వచ్చింది. నేలను, పంటను బట్టి ఫలితం మారవచ్చు గాని, అందులోని సూత్రం ఒకటే.

వేరు తన శక్తి మేరకు పొదుపు చేస్తుంది, వెదుకుతుంది, హెచ్చరిస్తుంది. నీటిని సృష్టించడం మాత్రం దాని చేతిలో లేదు. వానను నేలలో ఇంకనిచ్చి, చెరువులను నిలుపుకొని, భూగర్భజలాన్ని వేరుకు అందే దూరంలో ఉంచడం మనుషుల పని. కరువును ఆకు కంటే ముందుగా వేరు ఎరుగుతుంది. ఆకులు వాడిన తరువాత గాని కరువును గుర్తించని మనం, ఆ విషయంలో వేరు నుంచి నేర్చుకోవలసినది ఉన్నది.

అభ్యాసం

అర్థాలు
బాష్పోత్సేకం = ఆకుల నుంచి నీరు ఆవిరిగా పోవడం
వర్తమానం = కబురు, సమాచారం
దారునాళం = వేరు నుంచి నీటిని పైకి చేర్చే గొట్టం వంటి నిర్మాణం
జలానువర్తనం = చెమ్మ ఉన్న వైపునకు వేరు వంగడం

ఒక వాక్యంలో సమాధానం రాయండి.
1. ఆక్వాపోరిన్లను మొదట ఎక్కడ గుర్తించారు?
2. జన్యుపటం వెలువడిన మొదటి చెట్టు ఏది?
3. సూబరిన్ చేసే మేలు ఏమిటి?

సంగ్రహంగా సమాధానం రాయండి.
1. ఎండిన వేర్లను కోసివేసిన తరువాత ఆపిల్ మొక్క ఆకులు మళ్ళీ ఎదగడాన్ని బట్టి ఏమి తెలుస్తున్నది?
2. మట్టిలోని ఖాళీ సందులో పార్శ్వపు వేర్లు ఎందుకు పుట్టవు?
3. టమాటా అంటుమొక్కల ప్రయోగం పూర్వపు అభిప్రాయాన్ని ఎట్లా సవరించింది?

విపులంగా సమాధానం రాయండి.
1. కరువును ఎదుర్కోవడంలో వేరు నిర్వహించే పాత్రను వివరించండి.
2. తారిమ్ నదీతీర వనాల అనుభవం నుంచి మన ప్రాంతం గ్రహించవలసిన విషయాలను చర్చించండి.